త్యాగయ్య కీర్తనలోకి మన గోల్కొండ రామదాసు ఎలా వచ్చాడు?

మెహిదీపట్నం_నాన్న:

అందరికీ నమస్కారం. ఇక్కడ సంగీతం తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, నాదొక డౌటు తీర్చండి. నాకు పాడటం రాదు, వినడం ఒక్కటే వచ్చు. మా పాప ఎనిమిదో క్లాసు, నల్లకుంటలో ఒక మేడమ్ దగ్గర చాలా ఏళ్ళుగా నేర్చుకుంటోంది, ఈమధ్యే త్యాగరాజస్వామి కీర్తన క్షీరసాగర శయన మొదలుపెట్టారు, దేవగాంధారి రాగం. రోజూ పొద్దున ఇంట్లో అదే ప్రాక్టీసు కాబట్టి నాక్కూడా నోటికి వచ్చేసింది.

పోయిన ఆదివారం ఊరి నుంచి చుట్టాలొస్తే గోల్కొండ తీసుకెళ్ళాను. బాలాహిస్సార్ ఎక్కే దారిలో రామదాసు బందీఖానా ఉంటది కదా, లోపల చీకటి, గోడ మీద రాములవారు సీతమ్మ బొమ్మలు, అక్కడ మా పాప ఉన్నట్టుండి ఆగిపోయి, డాడీ, నేను నేర్చుకునే పాటలో రామదాసు ఈయనేనా అని అడిగింది. చరణంలో "ధీరుడౌ రామదాసుని బంధము దీర్చినది విన్నానురా" అని వస్తది. నేను ఇన్ని రోజులు విని కూడా ఆ లైన్ పట్టించుకోలేదు.

ఆయనే అని చెప్పాను గానీ ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేసింది, దానికి నా దగ్గర జవాబు లేదు. త్యాగయ్య ఉన్నదేమో అక్కడెక్కడో కావేరి ఒడ్డున తిరువయ్యారులో, రామదాసు జైల్లో ఉన్నదేమో ఇక్కడ, మరి అప్పట్లో పేపర్ లేదు, రేడియో లేదు, అచ్చు పుస్తకం కూడా లేదు, ఈయన కథ అంత దూరం ఎలా పోయింది అని. కొంచెం వివరంగా చెప్పండి, రాత్రికి పాపకి చదివి వినిపిస్తాను.

పాతపుస్తకాల_సంచి:

మీ పాప అడిగింది చాలా మంచి ప్రశ్నండి. ముందు కాలం లెక్క చూసుకుందాం. రామదాసు అంటే కంచెర్ల గోపన్న, ఆయన్ని జైల్లో వేయించిన గోల్కొండ పాదుషా తానీషా అంటే అబుల్ హసన్ కుతుబ్‌షా, ఆ తానీషా గద్దె ఎక్కింది 1672లో. గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు, సర్కారు సొమ్ము భద్రాచలం గుడికి ఖర్చుపెట్టాడని జైల్లో వేశారు, పన్నెండేళ్ళని చెబుతారు. ఔరంగజేబు గోల్కొండను పట్టుకుంది 1687లో. త్యాగరాజు పుట్టింది 1767లో, తిరువారూరులో. అంటే గోల్కొండ పడిపోయిన సరిగ్గా ఎనభై ఏళ్ళకి. ఎనభై ఏళ్ళంటే ఎంత, మా తాతగారు వాళ్ళ నాన్నగారి సంగతులు నాకు చెప్పేవారు, అంత దూరమే.

ఇక తిరువయ్యారు ఉన్న తంజావూరు సీమలో తెలుగు ఎందుకుంది అంటే అది పెద్ద కథ. విజయనగరం కాలం నుంచే అక్కడ పాలించింది తెలుగు నాయకరాజులు. 1565లో తళ్ళికోట యుద్ధం అయ్యాక ఇటువైపు నుంచి పండితులు, కవులు, సంగీతం వాళ్ళు కుటుంబాలకి కుటుంబాలే కావేరి వైపు వెళ్ళిపోయారు. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి, ఆయన కొడుకు విజయరాఘవ నాయకుడు కూడా అంతే. తర్వాత 1676 ప్రాంతంలో మరాఠాలు వచ్చారు, వాళ్ళ ఇంటి భాష మరాఠీ అయినా సభలో తెలుగు నడిచింది, షాహాజీ మహారాజు తెలుగులో యక్షగానాలే రాశాడు. త్యాగయ్య గారి ఇంటిపేరు కాకర్ల, అంటే ఇటునుంచి వెళ్ళిన తెలుగు కుటుంబమే. కాబట్టి ఆయన తెలుగులో రాయడంలో ఆశ్చర్యం లేదు, అది ఆయన ఇంట్లో మాట్లాడే భాష. తమిళనాడులో ఉండి తెలుగులో ఎందుకు రాశాడని ఎవరన్నా అడిగినప్పుడల్లా నాకు ఇదే చెప్పాలనిపిస్తుంది.

నేలకొండపల్లి_పోరడు:

మాది రామదాసు పుట్టిన ఊరు పక్కనే అన్నా, ఖమ్మం జిల్లా. ఆయన పుట్టిన చోట ధ్యానమందిరం ఉన్నది, పాపని ఒకసారి తీసుకురండి. ఇంకో మాట, హైదరాబాదులనే ఉంటున్నరు గదా, పాతబస్తీ హరిబౌలిల అక్కన్న మాదన్న గుడి ఉన్నది చూడండి, బోనాలకి ఘటం ఊరేగింపు అక్కడినుంచే వస్తది. ఆ అక్కన్న మాదన్నలు తానీషా దగ్గర పెద్ద ఉద్యోగాలల్ల ఉండె, రామదాసుకి మేనమామలు అని మా దిక్కు అందరు చెప్తరు. ఇక్ష్వాకు కుల తిలక పాట వినిపించండి పాపకి, సీతమ్మకి చేయించిన చింతాకు పతకం దగ్గరినుంచి ఒక్కొక్క నగ లెక్క చెప్పి ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నవ్ అని రాముణ్ణే నిలదీస్తడు. మా నాయనమ్మ ఆ లైన్ పాడినప్పుడల్లా ఏడ్చేది, దెబ్బలు తిన్నోడు అడుగుతున్నడు బిడ్డా, కోపం కాదది అనేది.

వీణ_టీచర్:

నేను ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, క్షీరసాగర శయన చాలామంది పిల్లలకి చెప్పాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

పాప అడిగినదానికి జవాబు ఆ కీర్తనలోనే ఉంది నాయనా. ప్రతి వాక్యం చివర ఏమొస్తుందో చూడండి, విన్నానురా. అనుపల్లవిలో గజేంద్రుణ్ణి కాపాడటానికి పరుగెత్తి వచ్చావని విన్నాను అంటాడు. చరణంలో ద్రౌపదికి చీరలిచ్చావని విన్నాను, తర్వాత రామదాసు చెర విడిపించావని విన్నాను, తర్వాత సీతమ్మ కోసం సముద్రం దాటావని విన్నాను. చదివాను అనలేదు, చూశాను అనలేదు. ఎలా తెలిసిందంటే విని తెలిసింది.

ఇంకో సంగతి. గజేంద్రుడు భాగవతం, ద్రౌపది భారతం, సీతమ్మ రామాయణం. ఈ ముగ్గురి మధ్యలో తనకి ఎనభై తొంభై ఏళ్ళ ముందు బతికిన ఒక తహసీల్దారుని తెచ్చి కూర్చోబెట్టాడు! పురాణంలో లేని మనిషి, మన తాతముత్తాతల లాంటి మనిషి. ద్రౌపది కథ ఎంత నిజమో త్యాగయ్యకి రామదాసు కథ కూడా అంత నిజం. ఈ మాట చెప్పాక పిల్లలు ఆ చరణం పాడే తీరే మారిపోతుంది, నేను ఎన్నిసార్లు చూశానో, అంతకుముందు వరకు తాళం సరిపోయిందా లేదా అని చూసుకుంటూ పాడేవాళ్ళు ధీరుడౌ దగ్గర గొంతు కాస్త నిలబెడతారు.

ఇదొక్కచోటే కాదు. కీరవాణిలో కలిగియుంటే గదా అనే కీర్తన ఉంది, అందులో నారదుడు, ప్రహ్లాదుడు, పరాశరుడు వీళ్ళతో కలిపి రామదాసు పేరు చెబుతాడు. ప్రహ్లాద భక్తి విజయం అని త్యాగయ్య రాసిన గేయనాటకం మొదట్లో భద్రాచల రామదాసుని తలుచుకుంటూ ఒక కంద పద్యమే ఉంది. ఇన్నిసార్లు తలుచుకున్నాడంటే రామదాసు కీర్తనలు ఆయన చెవిలో చిన్నప్పటి నుంచీ ఉండి ఉండాలి. రాముడితో అలగడం, నిలదీయడం, నువ్వు పలకవేమిటని సాధించడం, ఇవన్నీ త్యాగయ్యలో మనం ఎంతో గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ చనువుకి ముందు దారి వేసింది గోల్కొండ చెరలో ఉన్నాయనే అని నా గట్టి నమ్మకం.

మారేడుపల్లి_పాటి_మనవరాలు:

వీణ టీచర్ గారు, మీరు రాసింది చదివి కళ్ళు చెమర్చాయి. పాట ఏ దారిన పోయిందో నేను చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో ఇప్పటికీ అదే దారిలో నడుస్తోంది. మేము తమిళులం, మూడు తరాలుగా సికింద్రాబాదులోనే. మా వాళ్ళలో భజన సంప్రదాయం అని ఉంటుంది, రాధాకల్యాణం, సీతాకల్యాణం చేసేటప్పుడు రాత్రంతా పాడతారు. ఏ భజన అయినా మొదలుపెట్టేది తోడయ మంగళంతో. అందులో మొదటి పాట జయ జానకీ రమణ, అది భద్రాచల రామదాసుది. శరణు శరణు సురేంద్ర సన్నుత కూడా అందులోనే, అది అన్నమయ్యది. ఈ పద్ధతిని కుంభకోణం పక్కన మరుదానల్లూరు సద్గురుస్వామి ఒక వరసలో పెట్టారు, ఆయన దాదాపు త్యాగరాజస్వామి కాలం ఆయనే. అంటే ఆ రోజుల్లోనే కావేరి ఒడ్డు ఊళ్ళల్లో రామదాసు కీర్తనలు భజనల్లో పాడుతున్నారన్నమాట. త్యాగయ్య గారు కూడా దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు రాసింది ఇలా పదిమంది కలిసి పాడుకోవడానికే కదా.

మా పాటికి, అంటే మా అవ్వకి, తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆవిడ నోటుబుక్కు నా దగ్గరుంది. అందులో రామదాసు కీర్తనలన్నీ తమిళ లిపిలో రాసుకుంది. తమిళంలో త, ద రెండింటికీ ఒకటే అక్షరం, అందుకని అక్షరం నెత్తిమీద చిన్నగా 3 అని వేస్తే ద అని పలకాలి, 4 వేస్తే ధ. పేజీ నిండా చీమల్లాగా అంకెలే. దాసుడు అన్న మాట మీద ఒక చోట 3 మర్చిపోయి తర్వాత ఎర్ర ఇంకుతో పెట్టుకుంది. తన భాష కాని మాట తప్పు పలకకూడదని ఎంత తపన పడిందో ఆ ఒక్క అంకె చూస్తే నాకు అర్థమవుతుంది.

మెహిదీపట్నం_నాన్న:

అందరికీ చాలా చాలా థాంక్సండి. పాపకి చదివి వినిపించాను, పాటి గారి నోటుబుక్కు సంగతి రెండుసార్లు చదివించుకుంది. రెండు చిన్న డౌట్లు పంపింది. ఒకటి, రామదాసు జైల్లో పాడిన ట్యూనే మనం ఇప్పుడు పాడుతున్నామా? రెండు, మా మేడమ్ చీరలిచ్చినది అనకూడదు, జీరలిచ్చినది అనాలి, తీర్చినది కాదు దీర్చినది అని గట్టిగా సరిచేశారట, ఎందుకు?

పాతపుస్తకాల_సంచి:

మొదటిదానికి నేను చెబుతాను. రామదాసు పాడినప్పుడు స్వరాలు ఎవరూ రాసిపెట్టలేదు. భజనల్లో నోటినోటికి వచ్చిన వరసలు కొన్ని, తర్వాతివాళ్ళు కట్టినవి కొన్ని. మన తరాలకి ఇంటింటికీ చేరింది మాత్రం మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గొంతులో, ఆయన విజయవాడ రేడియోలో భక్తిరంజనికి పాడినవి, రికార్డులిచ్చినవి. పలుకే బంగారమాయెనా అనగానే ఆనందభైరవిలో ఆయన గొంతే మన చెవిలో మోగుతుంది. అన్నమయ్యది ఇంకా కష్టం, రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరం లేదు, అందుకే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు లాంటివాళ్ళు కొత్తగా స్వరపరిచారు. త్యాగయ్య విషయంలో అదృష్టం ఏంటంటే శిష్యులున్నారు. ఆయన శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన దగ్గర మన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులు గారి దగ్గర బాలమురళి. అంటే గురువు ఎదురుగా కూర్చుని నేర్చుకున్న పాట చేయి మారి చేయి మారి మళ్ళీ కృష్ణ ఒడ్డుకే వచ్చింది. ఇక్కడినుంచి వెళ్ళిన రామదాసు కథ అక్కడ కీర్తనలో చేరి, ఆ కీర్తన మళ్ళీ ఇక్కడికి వచ్చి, నల్లకుంటలో మీ పాప నోట్లో పడింది.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. గోల్కొండకి రామదాసు ఒక్కడే కాదు, క్షేత్రయ్య కూడా వచ్చాడు. కృష్ణా జిల్లా మొవ్వ ఆయనది, మువ్వగోపాల అనే ముద్రతో, అంటే పాటలో సంతకంలా పెట్టే పేరుతో, పదాలు అనే పాటలు రాశాడు. మధురై తిరుమల నాయకుడి సభ, తంజావూరు విజయరాఘవుడి సభ, గోల్కొండ పాదుషా సభ, మూడూ తిరిగాడు. గోల్కొండలో 1500 పదాలు చెప్పానని తన పదంలోనే ఉంది. ఇప్పుడు మొత్తం కలిపి మనకి మిగిలినవి కొన్ని వందలే. ఆ లెక్క తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ కోటలో గాలిలో కలిసిపోయినవి ఎన్నో.

వీణ_టీచర్:

రెండోది నేను చెబుతాను. మేడమ్ గారు సరిగ్గా చెప్పారు, ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. పాపకి తెలుగు వ్యాకరణంలో సరళాదేశ సంధి వచ్చే ఉంటుంది. నారీమణికిన్ అని చివర ద్రుతం ఉంటుంది, అంటే ఆ న్ అన్నమాట, దాని తర్వాత చీర వస్తే చ కాస్తా జ అవుతుంది, నారీమణికి జీరలు. బంధమున్ తీర్చినది, ఇక్కడా అంతే, త కాస్తా ద అయింది. ఆ న్ మనకి వినపడదు, కానీ దాని గుర్తు తర్వాతి అక్షరంలో ఉండిపోతుంది. అక్షరం కఠినంగా పడితే దేవగాంధారి సాగదు, ఒకసారి తీర్చినది అని పాడించి, మళ్ళీ దీర్చినది అని పాడించి చూడండి, మీకే తెలుస్తుంది, మీకు పాడటం రాకపోయినా వినడం వచ్చన్నారు కదా.

మెహిదీపట్నం_నాన్న:

ఇప్పుడే రెండు రకాలుగా పాడించుకుని విన్నానండి. తేడా తెలిసింది. దీర్చినది అన్నప్పుడు గొంతు ఎక్కడా తట్టుకోలేదు.

వచ్చే ఆదివారం పొద్దున్నే, జనం రాకముందు, మళ్ళీ గోల్కొండ వెళ్తున్నాం. ఆ బందీఖానాలో ఒక్క చరణం పాడుకుంటానంది. మారేడుపల్లి మేడమ్, మీకు వీలైతే ఆ జయ జానకీ రమణ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెడతారా, నెత్తిమీద అంకెలు ఎలా ఉంటాయో చూడాలని అడుగుతోంది.

మారేడుపల్లి_పాటి_మనవరాలు:

తప్పకుండా. రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను, ఎర్ర ఇంకు 3 ఉన్న పేజీ కూడా.