క్లూనీ చుట్టూ మోటారు బండ్లు లేని సైకిల్ దారులు: తొక్కివచ్చినవారి అనుభవాలు కావాలి

గోదావరిగట్టు

అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లుగా ఫ్రాన్సులోని లియోన్‌లో ఉంటున్నాను. సెప్టెంబరులో మా అమ్మ రాజమండ్రి నుంచి వస్తున్నది. ఆమె ముప్పై ఏళ్లపాటు పల్లెటూరి బడికి సైకిల్ మీదే వెళ్లివచ్చిన ఉపాధ్యాయిని. ఇప్పుడు 63 ఏళ్లు. తొక్కడం మరిచిపోలేదు గాని, పక్కనుంచి లారీ వస్తే దిగి నిలబడిపోతుంది. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. మాకు కారు లేదు. బుర్గుండీ ప్రాంతంలో క్లూనీ అనే చిన్న ఊళ్లో బస చేస్తే, మూడు రోజులు మోటారు రోడ్డు ఎక్కకుండా తిరగవచ్చునని ఒక స్నేహితుడు చెప్పాడు. అది ఎంతవరకు నిజమో, ఎక్కడ ఇబ్బంది ఉంటుందో, స్వయంగా తొక్కినవారు చెప్పగలరని ప్రార్థన.

సోన్‌తీరం

మీ స్నేహితుడు చెప్పినది చాలావరకు నిజమే. క్లూనీ నుంచి ఉత్తరంగా జీవ్రీ వరకు ఉన్న 44 కిలోమీటర్ల దారి 1997లో తెరిచారు. ఫ్రాన్సులో ‘వ్వా వెర్త్’, అంటే పచ్చదారి, అన్న పేరుతో వచ్చిన మొదటిది ఇదే. రైళ్లు ఆగిపోయిన పాత మార్గంలో పట్టాలు తీసి తారు వేశారు కాబట్టి ఎత్తుపల్లాలు కాలికి తెలియనంత స్వల్పంగా ఉంటాయి. దారి మొదట్లో కనిపించే నీలం పలక మీద పాదచారి, సైకిల్, గుర్రపు రౌతు బొమ్మలుంటాయి. మోటారు బండ్లకు ప్రవేశం లేదు. క్లూనీలో ఆ గుర్రం బొమ్మ ఊరికే వేసినది కాదు. నెపోలియన్ కాలంలో ప్రభుత్వం పెట్టిన గుర్రపుశాల ఆ ఊళ్లో ఉన్నది; ఉదయం పూట నిజంగానే గుర్రాలు ఎదురవుతాయి. అప్పుడు గంట కొట్టకుండా నెమ్మదిగా మాట్లాడుతూ దాటాలి.

మేము ఇద్దరు పిల్లలతో మొదటి రోజు కోర్మతాన్ వరకే వెళ్లి వెనక్కి వచ్చాము. రానుపోను కలిపి పాతిక కిలోమీటర్లకు కాస్త పైన. దారి గ్రోన్ నది లోయను పట్టుకొని పోతుంది. సగం దూరం దాటాక గుట్ట మీద తేజే గ్రామం కనిపిస్తుంది. 1940లో మొదలైన క్రైస్తవ సోదర సమాజం అక్కడే ఉన్నది. వేసవిలో వందలాది యువకులు నడుస్తూ ఉంటారు కాబట్టి అక్కడ వేగం తగ్గించాలి. రెండు పక్కలా పచ్చిక బయళ్లలో తెల్లని షారొలే పశువులు మేస్తుంటాయి. మా ఒంగోలు గిత్తలంత తెల్లగా ఉన్నా మూపురం లేనందున మా ఆవిడకు అవి ఏదో పోగొట్టుకున్నట్లు కనిపించాయట. కోర్మతాన్‌లో పదిహేడో శతాబ్దపు కోట, దాని ఉద్యానవనం చూడడానికి రెండు గంటలు ఉంచుకోండి.

మూడుగేర్లు

ఉత్తరపు దారి గురించి సోన్‌తీరం గారు చెప్పినదంతా సరే గాని, దక్షిణం వైపు వెళ్లేవారు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. క్లూనీ నుంచి మాకోన్ పొలిమేరలోని షార్నే వరకు దారి ఉన్నది. మధ్యలో బ్వా క్లేర్ సొరంగం వస్తుంది. పొడవు 1,600 మీటర్లు. చలికాలంలో గబ్బిలాలు అక్కడ నిద్రపోతాయి కనుక ఆ నెలల్లో సొరంగం మూసివేస్తారు. నేను మార్చి మధ్యలో ఆ సంగతి కనుక్కోకుండా వెళ్లి, ఇనుప తలుపు ముందు పది నిమిషాలు నిలబడి, చివరికి కొండ మీదుగా ఎక్కవలసి వచ్చింది. నా సైకిల్‌కు పేరుకు తగ్గట్టు మూడే గేర్లు ఉన్నందున సగం కొండ నడిచాను. ఆ ఎక్కుడు దారి మీ అమ్మగారికి నేను సూచించను. సెప్టెంబరులో సొరంగం తెరిచే ఉంటుంది కాబట్టి మీకు ఆ చిక్కు లేదు. లోపల దీపాలున్నా సొంత దీపం, పైన వేసుకోవడానికి ఒక పలుచని చొక్కా తప్పక ఉండాలి; ఎండలో చెమట పట్టిన ఒంటితో లోపలికి వెళితే బయటపడేసరికి పళ్లు కటకటలాడతాయి.

పాతపట్టాలు

రైల్వే పిచ్చి ఉన్నవాడిని కనుక ఒక మాట. అదే కొండను రెండు రైలు మార్గాలు దాటాయి, రెండు పద్ధతుల్లో. ఆవిరి ఇంజను నిటారు ఎక్కలేదు కాబట్టి పాతవారు కొండ కడుపులో సొరంగం తవ్వారు. 1981లో మొదలైన పారిస్–లియోన్ వేగ రైలు వెయ్యికి 35 వంతుల ఎక్కుడునైనా ఎక్కగలదు కాబట్టి ఆ మార్గంలో ఎక్కడా సొరంగం తవ్వకుండా కొండ మీదుగానే పోనిచ్చారు. మీరు సొరంగం దగ్గర ఆగి నీళ్లు తాగే సమయంలో ఆ రైలు చప్పుడు వినిపిస్తే మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి. అయితే ఆ రైలు క్లూనీలో ఆగదు. ఇప్పుడు క్లూనీకి అసలు రైలే లేదు. లియోన్ నుంచి మాకోన్‌కు ప్రాంతీయ రైలులో వచ్చి, అక్కడ బస్సు పట్టుకోవాలి. సొంత సైకిళ్లు తెచ్చుకుంటే మాకోన్ నుంచి తొక్కుతూ రావచ్చు గాని, స్టేషన్ నుంచి షార్నే చేరేదాకా పట్టణపు రోడ్లే. క్లూనీలో దిగి అద్దెకు తీసుకోవడమే మీకు మేలు.

దక్షిణం వైపు సొరంగం దాటాక బెర్జే-లె-షాటెల్ కోట ద్రాక్షతోటల పైన లేస్తుంది. ఈ మొత్తం దారిలో నాకు బాగా నచ్చిన చోటు అదే.

అన్నంముద్ద

నా గోడు తిండి గురించి. మధ్యాహ్నం రెండు దాటితే చాలా ఊళ్లలో వంటగదులు మూసేస్తారు. రాత్రి ఏడింటి దాకా వేడి భోజనం దొరకదు. సోమవారం నాడు ఉత్తరపు దారిలోని సాన్-జెంగూ-లె-నస్యొనాల్‌లో మేము మూడు తలుపులు తట్టి, చివరికి బిస్కెట్లతో సరిపెట్టుకున్నాము. (ఆ ఊరు ఒకప్పుడు ‘రాజు’ పేరుతో ‘లె-రొయాల్’. రాజులు పోయాక ‘జాతి’ పేరు పెట్టుకున్నది. భోజన వేళలు మాత్రం మారినట్టు లేవు.) అప్పటినుంచి పులిహోర డబ్బా లేకుండా నేను కదలను. నీళ్లకు కుళాయిలు ఉంటాయి. ‘నోన్ పొతాబ్ల్’ అని రాసి ఉంటే తాగకూడదు. ఇంకా ఉత్తరాన Buxy అనే ఊరి పేరును బుర్గుండీవారు ‘బ్యుసీ’ అంటారు. నేను ‘బక్సీ’ ఎక్కడ అని అడిగితే ఆ పెద్దాయనకు రెండు నిమిషాలు పట్టింది.

అద్దె సైకిళ్లు తీసుకునేటప్పుడు పిల్లల బండి బ్రేకులు అక్కడే తొక్కి చూడండి. మాకు ఇచ్చిన ఒక బండికి వెనక బ్రేకు పేరుకే ఉన్నది. ఐదు కిలోమీటర్లు వెళ్లాక గాని తెలియలేదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు హెల్మెట్ 2017 నుంచి చట్టప్రకారం తప్పనిసరి. లేకపోతే తోడున్న పెద్దవారికి జరిమానా.

సోన్‌తీరం

ఒక సవరణ. ‘అసలు రోడ్డు తగలదు’ అని ఎవరూ అనుకోవద్దు. పచ్చదారి చాలాచోట్ల చిన్న రోడ్లను అడ్డంగా దాటుతుంది. అక్కడ ఆగవలసినది సైకిల్ వారే. కార్లు లోపలికి రాకుండా పెట్టిన అడ్డుకమ్మీల మధ్య నుంచి వంకరగా వెళ్లాలి, వెనక తొట్టి తగిలించుకున్నవారికి అది కొంచెం కష్టం. ఇంకా దూరం కావాలనుకునేవారు జీవ్రీ నుంచి షాలోన్ చేరి, అక్కడినుంచి సాంత్ర్ కాలువ గట్టున పోవచ్చు. చదునైన నేల, లాకుల దగ్గర పడవలు. సాంతెనే నుంచి బోన్ వరకు ఉన్న ‘ద్రాక్షతోటల దారి’ చూడముచ్చటగా ఉంటుంది గాని అది పచ్చదారి కాదు. ట్రాక్టర్లు తిరిగే తోటల బాటలు, ఎక్కుళ్లు దిగుళ్లు ఉంటాయి. కోతల కాలం సెప్టెంబరే అని గుర్తుంచుకోండి.

గోదావరిగట్టు

వెళ్లివచ్చాము. అందరికీ కృతజ్ఞతలు. మొదటి రోజు కోర్మతాన్, రెండో రోజు సొరంగం దాటి బెర్జే కోట కింది దాకా, మూడో రోజు క్లూనీలోనే. 910లో స్థాపించిన మఠంలో మిగిలిన గోపురాలు చూశాము. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ ఇప్పటి రూపంలో కట్టేదాకా క్రైస్తవ లోకంలో అంత పెద్ద గుడి లేదట. విప్లవం తరువాత రాళ్ల కోసం కూల్చగా పదో వంతు కూడా నిలవలేదు. అమ్మ చాలాసేపు అక్కడే కూర్చున్నది.

మీరెవరూ చెప్పని ఇబ్బంది ఒకటి ఎదురైంది. ఇక్కడ కుడివైపున తొక్కాలి. అమ్మ మామూలుగా కుడివైపే వెళుతుంది గాని, ఎదురుగా ఎవరైనా రాగానే ముప్పై ఏళ్ల అలవాటు చేతుల్లోకి వచ్చి హ్యాండిల్ ఎడమకు తిరుగుతుంది. ఎదుటివారు వారి కుడికి, అంటే అమ్మ వైపుకే, జరుగుతారు. మొదటి రోజు రెండుసార్లు ముందుచక్రాలు తాకబోయాయి. చివరికి మావాడు కుడిచేతి బ్రేకుకు ఎర్ర రిబ్బను కట్టి, ‘అమ్మమ్మా, ఎవరొచ్చినా ఈ రిబ్బను వైపు’ అన్నాడు. సొరంగంలో రిబ్బను కనిపించలేదు. ఎదుట దీపం కనిపించిన ప్రతిసారీ వాడు వెనకనుంచి ‘కుడి, కుడి’ అని అరిచాడు. ఆ అరుపు చివరిదాకా మోగి తిరిగివచ్చేది. ఒక ముసలి ఫ్రెంచి దంపతులు ఆగి, అది మా భాషలో పలకరింపు అనుకొని ‘కుడి’ అని బదులిచ్చి వెళ్లారు.

అమ్మ మే నెలలో మళ్లీ వస్తానంటున్నది. షాలోన్ నుంచి సాంతెనే వరకు కాలువ గట్టు ఒకే రోజులో, మధ్యలో బస లేకుండా, ఆమె వయసువారు తొక్కగలరా? సోన్‌తీరం గారు గాని మరెవరైనా గాని చెప్పగలరు.