ఆయన ఉండగానే చూసుకోవలసినవి: పీఎఫ్, అప్పులు, అద్దె ఇల్లు

హనుమకొండ గృహిణి:
మా వారికి 46 ఏళ్లు. క్లోమంలో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకిందని, ఇక వాడే మందులు నొప్పికే గానీ జబ్బుకు కావని చెప్పి వైద్యులు ఇంటికి పంపించి మూడు వారాలైంది. ఆరోగ్యశ్రీ వల్ల ఆసుపత్రి ఖర్చు చాలావరకు గట్టెక్కింది కానీ, ఆయన పేరిట ఉన్న 4 లక్షల వ్యక్తిగత రుణానికి రెండు వాయిదాలు తప్పాయి. వసూలుకు వచ్చేవాళ్లు రాత్రి 9 గంటలకు కూడా ఫోను చేస్తున్నారు. సెలవులు అయిపోయాయి కాబట్టి రాజీనామా ఇస్తే పీఎఫ్ సొమ్ము త్వరగా వస్తుందని కంపెనీవారు అంటున్నారు. ఇంటి యజమాని మాత్రం ఆ ఘడియ తమ ఇంట్లో రాకూడదని, ముందే ఖాళీ చేయమని మెత్తగా చెబుతున్నారు. ఇంటర్ చదివే పాపను పెట్టుకుని వీటిలో ఏది ముందు చూసుకోవాలో తోచడం లేదు.

విశాఖ శారద:
అమ్మా, రాజీనామా మాత్రం ఇవ్వనివ్వకండి. 2019లో మా వారిచేత నేనే ఆ కాగితం మీద సంతకం పెట్టించాను. పెన్ను పట్టలేకపోతుంటే మణికట్టు కింద నా చెయ్యి ఆనించి మరీ పెట్టించాను, ఆ తర్వాత నలభై రోజులకే ఆయన పోయారు. పీఎఫ్‌తో పాటు ఉండే బీమా, అంటే ఈడీఎల్ఐ, ఉద్యోగంలో ఉండగా పోయినవారికే వర్తిస్తుందని నాకు అప్పుడు చెప్పినవారు లేరు. ఇప్పుడు దాని కింద 7 లక్షల వరకు వస్తుంది. జీతం లేని సెలవైనా సరే, పేరు రికార్డులో ఉంచమని రాతపూర్వకంగా అడగండి. డబ్బు అత్యవసరమైతే జబ్బు కారణం చూపి పీఎఫ్‌లో కొంత అడ్వాన్సు తీసుకోవచ్చు, దానికి ఉద్యోగం వదలనక్కర లేదు. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే గ్రాట్యుటీకి అయిదేళ్ల నియమం కూడా అడ్డు రాదు.

కృష్ణాతీరం:
నేను 34 ఏళ్లు బ్యాంకులో పనిచేసి, రుణాల విభాగంలోనే పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి నా మాట నమ్మవచ్చు. మీరు సహ రుణగ్రహీతగా గానీ జామీనుగా గానీ సంతకం చేయకపోతే ఆ అప్పు మీ మెడకు చుట్టుకోదు. ఆయన వదిలివెళ్లిన ఆస్తి మీ చేతికి ఎంత వస్తే అంత మేరకే అప్పులవారు అడగగలరు. ఆ లెక్కలోకి పీఎఫ్ సొమ్ము రాదు, ఎందుకంటే అది నామినీకి అప్పుల బాధ్యత లేకుండా చెందుతుందని పీఎఫ్ చట్టంలోనే ఉంది. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 దాటాక వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది, కాబట్టి ఆ ఫోన్ల తేదీ, సమయం రాసుకుని ఫిర్యాదు ఇవ్వండి. ఇక ఖాతాలన్నింటిలో నామినీగా మీ పేరుంటే చాలు, అంతా మీదే అవుతుంది.

ఖమ్మం కోడలు:
పెద్దవారు, అనుభవం ఉన్నవారు, కానీ ఆ చివరి వాక్యం తప్పు. బ్యాంకు డిపాజిట్టులో నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషే తప్ప హక్కుదారు కాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యాపిల్లలతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. నామినీగా నా పేరే ఉన్నా మా అత్తగారు, ఆవిడ వెనుక మా మరిది, వాటా కోసం నన్ను మూడేళ్లు కోర్టు చుట్టూ తిప్పారు.

కృష్ణాతీరం:
బీమా చట్టాన్ని 2015లో సవరించి, భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ము వారిదేనన్నారు. సగం తెలిసి మాట్లాడితే ఆపదలో ఉన్న మనిషి మరింత భయపడుతుంది.

ఖమ్మం కోడలు:
మీరు చెప్పింది బీమాకు, నేను చెప్పింది డిపాజిట్టుకు. 'అంతా మీదే' అని రాసింది మీరు. కౌంటరు అవతల కూర్చున్న మీకు అది ఒక దరఖాస్తు కావచ్చు, ఇవతల నిలబడిన నాకు అది మా పిల్లవాడి కాలేజీ ఫీజు. ఆవిడకు అత్తగారు ఉన్నారో లేదో కూడా మీరు అడగలేదు.

దస్తావేజు లేఖరి, తెనాలి:
దయచేసి ఇద్దరూ శాంతించండి. ఈ గొడవకు మందు వీలునామా. ఇద్దరు సాక్షులు ఉంటే తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు వైద్యం చేసిన డాక్టరు అయితే, తెలివి ఉండగానే రాశారా అని తర్వాత వంక పెట్టడం కష్టం. మంచం దిగలేనివారి ఇంటికే సబ్ రిజిస్ట్రారు వచ్చి రిజిస్టరు చేసే వెసులుబాటు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. దానికి డాక్టరు ధ్రువపత్రంతో దరఖాస్తు పెట్టి, కొంత రుసుము కట్టాలి. జీపీఏ, అంటే తన తరఫున పనులు చేయమని ఇచ్చే అధికార పత్రం, చాలని ఎవరైనా చెబితే వినకండి, మనిషితోనే దాని ప్రాణమూ పోతుంది. మా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది, బతికుండగా వీలునామా ఎత్తితే అపశకునమని ఆగి, కర్మకాండ అయ్యాక వస్తారు.

నల్గొండ మాస్టారు:
అద్దె ఇంటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మా యజమానికి ధనిష్ఠా పంచకం భయం. ఆ నక్షత్రాల్లో మరణం సంభవిస్తే నెలల తరబడి ఇల్లు మూసి ఉంచాలని, అద్దె పోతుందని ఆయన బాధ. నేను ముందుగా మాట్లాడలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రాత్రి ఆయన గేటు తీయలేదు. ఆ వానలో, గేటు పక్కన టార్పాలిన్ కింద మా ఆవిడను పడుకోబెట్టి, కాళ్ల వైపు నీళ్లు రాకుండా ఇటుకలు పేర్చాను. కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని ఖాళీ చేయించే హక్కు మీ యజమానికి లేదు, కానీ ఆ రాత్రి చట్టం మీకు తోడు రాదు. మూసి ఉంచే నెలల అద్దె, శాంతి ఖర్చు మీరే ఇస్తామని ఇప్పుడే చెప్పి, పెద్దమనుషుల ఎదుట కాగితం రాయించుకోండి.

హనుమకొండ గృహిణి:
అందరికీ నమస్కారాలు. రాజీనామా కాగితం చించేశాను. మా అత్తగారు ఉన్నారు, ఆవిడకు దాచకుండా అన్నీ చెప్పి, ఆవిడ ఎదుటే వీలునామా రాయాలని ఆయనే అన్నారు. మాస్టారు గారూ, మూడు నెలల అద్దె మాట చెబితే యజమాని వెంటనే కాదనలేదు, భార్యతో మాట్లాడి చెబుతానన్నారు. సబ్ రిజిస్ట్రారు గురువారం ఇంటికి వస్తామన్నారు. ఆ రోజుకు గడ్డం గీయించి, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టమని మా వారు అడిగారు.