చర్చ: కోచ్ గద్దిస్తేనే ఆటగాళ్ల మనసు గట్టిపడుతుందా?

కాకినాడ తండ్రి (చర్చ ప్రారంభం)

మా అమ్మాయి పదమూడేళ్ల లోపు విభాగంలో షటిల్ ఆడుతోంది. ఆమె వెళ్లే అకాడమీలో టోర్నమెంటు ముగిసిన మర్నాడు ఓడినవారిని కోర్టులో వరుసగా నిలబెట్టి, ఎవరు ఏ పాయింటు ఎలా చేజార్చుకున్నారో పిల్లలందరి ఎదుటా చెప్పి గద్దించడం ఆనవాయితీ. ఇప్పుడు సున్నితంగా పెంచితే రేపు 19-19 లాంటి ఉత్కంఠ స్కోరు దగ్గర చేతులు వణుకుతాయని, గోపీచంద్ గారు సింధును ఎలా తయారుచేశారో చూడమని కోచ్ గారు అంటారు. అమ్మాయి ఇంట్లో ఈ విషయం ఎత్తదు. కానీ మ్యాచ్‌లో పాయింటు పోగానే ఆమె చూపు నేరుగా కోచ్ కూర్చున్న కుర్చీ వైపు వెళ్తోంది. మనోబలం నిజంగా ఈ దారిలోనే వస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత కోచ్, వరంగల్

వస్తుందనే నా అభిప్రాయం. సింధు స్వతహాగా నెమ్మదస్తురాలు. పాయింటు గెలిచినా కోర్టులో గట్టిగా అరిచే అలవాటు ఆమెకు ఉండేది కాదు. గోపీచంద్ గారు ఆమెను అకాడమీలో అందరి మధ్యా నిలబెట్టి, అరిస్తే తప్ప రాకెట్ ముట్టుకోనివ్వనన్నారు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఫోన్ కూడా తీసేసుకున్నారు. ఇవన్నీ పత్రికల్లో వచ్చినవే. ఆ కాఠిన్యం లేకుండా రజతం వచ్చేదంటే నేను నమ్మలేను. ఎదుటి క్రీడాకారిణి జాలిపడదు, గ్యాలరీలో జనం జాలిపడరు. ఆ వాతావరణానికి పిల్లలు ముందే అలవాటు పడాలి.

మిక్స్‌డ్ డబుల్స్

పాత కోచ్ గారు చెప్పిన సంఘటనలు వాస్తవమే. అయితే వాటి నుంచి తీసిన ముగింపుతో నేను ఏకీభవించలేను. అరవమనడం తిట్టు కాదు, ఓటమికి వేసిన శిక్ష అంతకన్నా కాదు. ప్రత్యర్థి మీద దూకుడు చూపలేకపోవడం అనే ఒక నిర్దిష్టమైన లోపాన్ని గుర్తించి, ఫుట్‌వర్క్ నేర్పినట్టే దాన్ని కూడా సాధన చేయించారు. రియో నాటికి సింధుకు 21 ఏళ్లు, చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గరే శిక్షణ పొందుతున్నారు. ఫోన్ తీసుకున్న ఆ నెలల్లోనే ఆమెతో, మరో శిష్యుడు శ్రీకాంత్‌తో ప్రాక్టీసు ఆడగలిగే ఒంటి చురుకుదనం కోసం ఆయన తన ఆహారంలో పిండిపదార్థాలు మానేశారన్న సంగతిని మాత్రం ఎవరూ అనుకరించరు. ఏళ్ల తరబడి ఏర్పడిన అంతటి నమ్మకం మీద నిలిచిన కాఠిన్యాన్ని తీసుకొచ్చి, చేరి ఏడాది కూడా కాని పదేళ్ల పిల్లల మీద ప్రయోగించడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

రియో తరువాతి కథ కూడా చూడాలి. 2017లో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి ఒకుహారాతో 110 నిమిషాలు పోరాడి మూడో గేమ్ 20-22తో పోగొట్టుకున్నారు. 2018 ప్రపంచ ఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి మరీన్ చేతిలో ఓడారు. ఫైనల్ అనగానే సింధు మనసు జారిపోతుందని ఆ రోజుల్లో చాలామంది తేల్చేశారు. 2019లో బాసెల్ ప్రపంచ ఫైనల్లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించారు. మధ్యలో ఆమెను ఎవరో మరింత గట్టిగా తిట్టినందువల్ల జరిగిన మార్పు కాదది. కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్ వచ్చి ఆటలోని లోపాలను సరిచేశారు, నెట్ దగ్గర ఆట పదును తేలింది. బయటి నుంచి మనకు మనోబలంగా కనిపించేదానిలో సగానికి పైగా, చేతిలో నమ్మదగిన షాట్ ఉండటమే.

పాత కోచ్, వరంగల్

షాట్ ఉండాలన్నది నిజమే, దాన్ని నేను కాదనను. కానీ ప్రాక్టీసులో అన్ని షాట్లూ చక్కగా ఆడి, మ్యాచ్‌లో ఒక్కటీ ఆడలేని పిల్లలను నేను ఏటా చూస్తాను. వారికి ఒత్తిడి ముందే రుచి చూపించకపోతే ఎలా? పైగా ఓడినా చోటు పదిలం అని తెలిస్తే బద్ధకం వస్తుంది.

మిక్స్‌డ్ డబుల్స్

చోటు పదిలం అన్న మాట మీదే నేను 2022 థామస్ కప్‌ను, అంటే పురుషుల జట్ల ప్రపంచ పోటీని గుర్తుచేస్తాను. ఆ టోర్నీలో సింగిల్స్ వరుసను కోచ్ ఇష్టానుసారం మార్చడానికి వీల్లేదు, ర్యాంకింగ్ ప్రకారమే నడవాలి. అందుకే మన జట్టులో లక్ష్య సేన్ మొదటి సింగిల్స్ ఆడాడు. క్వార్టర్స్‌లో మలేషియా ఆటగాడు లీ జీ జియా చేతిలో, సెమీస్‌లో డెన్మార్క్ ఆటగాడు అక్సెల్సన్ చేతిలో వరుస గేముల్లో ఓడాడు. ఒక్కో పోటీకి ఐదు మ్యాచ్‌లు. రెండు పోటీల్లోనూ స్కోరు 2-2 అయ్యాక మన ప్రణయ్ చివరి మ్యాచ్ గెలిచి జట్టును గట్టెక్కించాడు. డెన్మార్క్ మీద కోర్టులో జారి చీలమండ దెబ్బతిన్నాక కూడా ఆడి గెలిచాడు. ఫైనల్‌కు లక్ష్యను పక్కనపెట్టి, శ్రీకాంత్‌ను ఒకటో స్థానానికి, ప్రణయ్‌ను రెండో స్థానానికి జరిపే వీలు జట్టుకు ఉంది. వారు అలా చేయలేదు. 14 సార్లు కప్పు గెలిచిన ఇండోనేషియా మీద లక్ష్య మొదటి గేమ్ 8-21తో పోగొట్టుకొని, ఆపై గింటింగ్‌ను 21-17, 21-16తో ఓడించాడు. రెండు ఓటముల తరువాత కూడా తన మీద భరోసా ఉంచిన జట్టులో ఆ కుర్రవాడు బద్ధకించలేదు.

డబుల్స్ ఆడే అమ్మాయి

అదే ఫైనల్లో రెండో మ్యాచ్ గురించి ఎవరైనా రాస్తారని చూస్తున్నాను. అమలాపురం కుర్రవాడు సాత్విక్, ముంబై కుర్రవాడు చిరాగ్ మొదటి గేమ్ ఓడి, రెండో గేమ్‌లో ఒక్క పాయింటు పోతే మ్యాచే పోయే స్థితిని నాలుగుసార్లు కాచుకొని 18-21, 23-21, 21-19తో గెలిచారు. తరువాత మన గుంటూరు శ్రీకాంత్ 21-15, 23-21తో గెలిచి కప్పును మన జట్టుకు ఖాయం చేశాడు.

డబుల్స్‌లో పార్ట్‌నర్ సర్వీస్ నెట్‌కు తగిలినప్పుడు, తరువాతి సర్వీస్ లోపు ఉండే ఆ కొద్ది క్షణాల్లో నేనేం చేస్తానన్నదే సగం ఆట. మొహం చిట్లించి చూశానంటే ఆమె వేళ్లు గ్రిప్‌ను బిగించేస్తాయి. బిగిసిన చేతితో చేసిన సర్వీస్ నెట్ మీద ఎత్తుగా లేస్తుంది, అవతలివారు ఒక్క అడుగు ముందుకు వేసి కొట్టేస్తారు. పాయింటు పోయినా గెలిచినా ఒకే రీతిలో వెళ్లి రాకెట్లు తాకించుకోవడం మేము కావాలని పెట్టుకున్న నియమం. కోచ్ చేత అందరి ఎదుటా మాటలు పడి పెరిగిన పార్ట్‌నర్‌తో కూడా నేను ఆడాను. తప్పు జరగగానే అది తనది కాదని నిరూపించుకోవడం మీదే ఆమె ధ్యాసంతా ఉండేది. ఇద్దరి మధ్యకు వచ్చిన షటిల్‌ను ఎవరం ముట్టుకునేవాళ్లం కాదు. ఒంటరి ఆటలో గద్దింపు చేసే నష్టం కొంతకాలం దాగుతుందేమో గానీ, జంట ఆటలో మొదటి గేమ్‌లోనే బయటపడుతుంది.

కాకినాడ తండ్రి

నడిమి షటిల్ గురించి మీరు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను. మరి పాత కోచ్ గారు అడిగినదానికి జవాబు కావాలి. ఒత్తిడిని రుచి చూపించడం ఎలా?

పాత కోచ్, వరంగల్

నేను చేయించేది చెబుతాను. ప్రాక్టీసు చివర, కాళ్లు అలసిపోయాక, గేమును 18-18 నుంచి మొదలుపెట్టిస్తాను. ఓడినవారు షటిల్స్ ఏరాలి, అంతే. మళ్లీ 18-18. మ్యాచ్ అయిపోయిన మర్నాడు మాట్లాడేటప్పుడు ఒక్క తప్పు గురించే చెబుతాను. అమ్మాయిగారు రాసినది చదివాక, అది కూడా విడిగా పిలిచి చెప్పడమే సరైనదని ఒప్పుకుంటున్నాను. చోటు విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. వరుసగా ఓడినవారిని పై బృందం నుంచి దించాల్సిందే, లేకపోతే కింద కష్టపడుతున్న పిల్లలకు అన్యాయం జరుగుతుంది.

మిక్స్‌డ్ డబుల్స్

దించండి, కానీ ఎన్ని మ్యాచ్‌ల తరువాత, ఏ లెక్కన దించుతారో సీజన్ మొదట్లోనే పిల్లలకు, తల్లిదండ్రులకు రాతపూర్వకంగా ఇవ్వండి. కాకినాడ తండ్రి గారూ, మీ కోచ్ గారిని కలిసినప్పుడు మొదట అడగవలసినది ఆ కాగితమే. రెండోది, మ్యాచ్ జరిగేటప్పుడు ఆయన కుర్చీని మీ అమ్మాయి చూపు పడని వైపుకు జరపమని అడగండి. నెల రోజులు చూసి, ఆమె ఎటు చూస్తోందో ఇక్కడ రాయండి.