ప్రొమీథియస్: చేసినవాడికి చేసిన బొమ్మ మీద అంత కోపం ఎందుకు?

మగ్గంగుంట (బరంపురం)

ముందే చెబుతున్నాను, కథంతా బయటపెట్టబోతున్నాను. సినిమా చూడనివారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

2012లో విడుదలైనప్పుడు చూశాను. అప్పుడు భయపడటంతోనే సరిపోయింది. మొన్న ఆదివారం మా అబ్బాయి సెలవులకు వస్తే ఇద్దరం కూర్చుని మళ్లీ చూశాం. ఈసారి భయం తగ్గి చిరాకు పెరిగింది. మనల్ని చేసినవాళ్లను వెతుక్కుంటూ కొందరు శాస్త్రవేత్తలు అంతరిక్ష ఓడలో దూరపు లోకానికి పోయే కథ ఇది. తెల్లటి ఒళ్లతో ఆ మహాకాయులు ఉంటారు కదా, ఇంజనీర్లని పిలుస్తారు. వాళ్లలో ఒకడు మొదటి సన్నివేశంలో జలపాతం అంచున నిలబడి నల్లటి ద్రవం తాగి, ముక్కలుముక్కలుగా కరిగి నీళ్లలో కలిసిపోతాడు. ఆ నీళ్లలోంచి మన పుట్టుక అని అర్థం చేసుకోవాలి. అంటే ప్రాణం పెట్టి చేశారు మనల్ని. అలాంటివాళ్లే రెండు వేల ఏళ్ల కిందట ఓడ నిండా నల్లటి విషం నింపుకుని భూమిని తుడిచిపెట్టడానికి బయలుదేరబోయారు. ఎందుకు? ఆఖరిదాకా చెప్పరు.

చెప్పకపోవడంలోనే అందం ఉందంటాడు మా అబ్బాయి. నాకు మాత్రం బాకీ ఎగ్గొట్టినట్టు అనిపించింది. మీకు ఎలా అర్థమైంది?

కొండదారి (కోరాపుట్)

అంత లోతుగా తవ్వకండి, బండ తగులుతుంది. గుహలకు పటం గీసే యంత్రాలు తెచ్చినవాడే ఆ గుహలో దారి తప్పుతాడు. జీవశాస్త్రజ్ఞుడు పడగ విప్పిన పాములాంటి జంతువును ముద్దు చేయబోతాడు. మా కొండల్లో పశువులు కాసే పిల్లవాడైనా ఆ పని చేయడు. వీళ్లకు సృష్టికర్త వచ్చి సంజాయిషీ చెప్పాలా?

నా లెక్కలో సంగతి వేరు. జాన్ స్పైట్స్ మొదట రాసినది 1979 నాటి ఏలియన్ సినిమాకు నేరుగా ముందు కథ. తర్వాత డేమన్ లిండెలాఫ్ అందులో చేయి పెట్టి, ఆ సినిమాలోని భయంకర జీవులను వెనక్కి నెట్టి, పుట్టుక, దేవుడు వంటి ప్రశ్నలను ముందుకు తెచ్చాడు. నేను కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి బతుకుతున్నవాణ్ణి. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు సగం మార్చి వెళ్లిపోతే మధ్యలో కొన్ని అనాథ వరుసలు మిగులుతాయి. అవి ఎందుకు ఉన్నాయో ఎవరికీ తెలియదు. తీసేస్తే ఏం కూలుతుందోనని ఎవరూ ముట్టుకోరు. మీరు తాత్వికత అంటున్నది అదే.

తెల్లచీర (రాయగడ)

నేను ఆస్పత్రిలో నర్సును. మీరంతా దేవుడి దగ్గర ఆగారు, నేను ఆ ఆపరేషన్ పెట్టె దగ్గర ఆగిపోయాను. శాస్త్రవేత్తల్లో ఒకరైన ఎలిజబెత్ షా కడుపులో ఏదో భయంకరమైనది పెరుగుతోంది. పరుగెత్తుకెళ్లి సిజేరియన్ చేయమని యంత్రాన్ని అడుగుతుంది. అది చాలా మర్యాదగా, తనను మగ రోగుల కోసమే అమర్చారని జవాబిస్తుంది. ఆమె నొప్పితో మెలికలు తిరుగుతూ, సిజేరియన్ మాట వదిలి, కడుపులోంచి పరాయి వస్తువు తీయమని ఆదేశం మార్చుకోవలసి వచ్చింది.

ఆ పెట్టె ఉన్నది వికర్స్ అనే ఆవిడ గదిలో. ఆడమనిషి గదిలో మగవాళ్లకే పనికొచ్చే యంత్రం ఏం చేస్తోంది? ముసలి యజమాని వేలాండ్ అదే ఓడలో దాక్కుని ఉన్నాడు కనుక. ఎవరూ చెప్పకముందే యంత్రం చెప్పేసింది.

2021లో కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు ఒక రాత్రి నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. కొండ ఊరి నుంచి వచ్చిన మనిషి, కారునలుపు. వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు 94 అంటోంది. మనిషి చూస్తే భుజాలు ఎగరేస్తూ శ్వాస లాగుతున్నాడు. మా పెద్ద సిస్టర్ మీటరు తీసి బల్ల మీద పెట్టి, పెదవి కిందికి లాగి చూసి, గోళ్లు నొక్కి చూసి, వెంటనే ఆక్సిజన్ పెట్టించింది. ముదురు రంగు చర్మం మీద ఆ మీటర్లు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చని తర్వాత చదివాను. తయారుచేసినవాళ్లకు అతడి మీద ఏ కోపమూ లేదు. తయారుచేసేటప్పుడు అతడు వాళ్లకు గుర్తు రాలేదు. మగ్గంగుంట గారూ, మీరు కోపం గురించి అడుగుతున్నారు. నాకైతే ఆ మరుపు అంటేనే దడ.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాణ్ణి, కనుక నా చూపు భాష మీద పడింది. ప్రయాణమంతా మిగతావాళ్లు నిద్రపెట్టెల్లో ఉంటే డేవిడ్ అనే మరమనిషి ఒంటరిగా తెర ముందు కూర్చుని ప్రాచీన భాష వల్లెవేస్తాడు. పాఠం చెప్పే వ్యక్తి నిజంగా భాషావేత్తే, అనిల్ బిల్టూ. ఆ పాఠం ఏమిటనుకున్నారు? జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైకర్ 1868లో అల్లిన చిన్న కథ. సంస్కృతం, గ్రీకు, లాటిన్ వంటి భాషలకు తల్లి ఒకతె ఉండేదని, ఆమె మాట ఇలా ఉండేదని ఊహించి ఆయన ఆ భాషలోనే రాశాడు. అందులో గుర్రానికి వాడిన మాట మన అశ్వానికి చుట్టం. గొర్రెను సంస్కృతంలో ‘అవి’ అంటారు, అక్కడా దాదాపు అంతే.

కథ చిన్నది. ఒంటి మీద ఉన్ని లేని గొర్రె ఒకటి గుర్రాలను చూసింది. ఒకటి బరువైన బండి లాగుతోంది, ఒకటి పెద్ద మూట మోస్తోంది, ఒకటి మనిషిని ఎక్కించుకుని పరుగెడుతోంది. మనిషి మిమ్మల్ని తోలుతుంటే నా గుండె తరుక్కుపోతోందని గొర్రె అంది. యజమాని నీ ఉన్ని తీసి తనకు వెచ్చటి బట్ట చేసుకుంటున్నాడు, నీకేమో ఉన్ని లేదు, అది చూసి మా గుండె తరుక్కుపోతోందని గుర్రాలు అన్నాయి. అది విని గొర్రె మైదానంలోకి పారిపోయింది.

యజమానికి ఊడిగం చేయడానికి పుట్టిన మరమనిషి నోట ఈ కథ! ఆ విద్యలో అందరికీ తెలిసిన కథ ఇదే కనుక తెచ్చి పెట్టారేమో, ఇంకే ఉద్దేశమూ లేదేమో. ఉద్దేశం లేకుండా పెట్టినా తెర మీద పడ్డాక దాని అర్థం దానికి వచ్చేసింది.

చివర్లో నిద్ర లేచిన ఇంజనీరుతో డేవిడ్ ముసలి వేలాండ్ తరఫున ఆ భాషలో మాట్లాడతాడు. తెర కింద అనువాదం వేయలేదు. ‘ఈ మనిషికి చావడం ఇష్టం లేదు, మీరు ఇంకొంత ఆయుష్షు ఇస్తారని నమ్మి వచ్చాడు’ అని దాని భావమని బిల్టూ తర్వాత చెప్పారు. అంత దూరం పోయి, అంత భాష నేర్చి, అడిగింది ఇదా! ఇంజనీరు మాట్లాడకుండా డేవిడ్ తల పీకేశాడు.

మా ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవరల నోటి నుంచే నేర్చి, తెలుగు లిపిలో రాసి, వారి పిల్లలకే పుస్తకాలు తయారుచేశారు. వినేవాడు ఎదురుగా ఉండి తప్పు పలికితే నవ్వుతాడు. డేవిడ్‌ను చూసి నవ్వేవాడు లేడు.

మారీచికొండ (గుణుపురం)

మాస్టారూ, నమస్కారం. నాది సవర ఇల్లు. బడిలో పాఠాలు చెబుతాను. తెలుగు పాతపట్నంలో చదువుకున్నాను, తప్పులుంటే దిద్దండి. పంతులుగారి పేరు మాకూ తెలుసు. ఆ తర్వాతి సంగతి కూడా చెప్పాలి. 1936లో మంగెయ్ గొమాంగో మా భాషకు వేరే లిపి చేశారు, సొరంగ్ సొంపెంగ్ అంటారు. మావాళ్లలో కొందరు ఆ అక్షరాలను రాసుకుని ఊరుకోలేదు, అక్షరబ్రహ్మ అని పూజిస్తారు. మా పెద్దనాన్న ఇంట్లో అక్షరాల పటం ముందు దీపం ఉంటుంది. మా ఇంట్లో గోడకు శిలువ ఉంటుంది. పండగలకు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు భోంచేస్తారు. అందుకే ఈ సినిమా గురించి రాసేవాళ్లు మతం ఒక పక్క, సాంకేతికత ఒక పక్క అని గీత గీస్తుంటే నాకు వింతగా ఉంటుంది. మాకు ఒక మనిషి చేసిన పనిముట్టే దేవుడై కూర్చుంది.

ఇక షా మెడలో తండ్రి ఇచ్చిన శిలువ. మనల్ని చేసినవాళ్లు దొరికారు కదా, ఇక అది తీసేయవచ్చని ఆమె ప్రియుడు హోలోవే అంటే, మరి వాళ్లను ఎవరు చేశారని అడుగుతుంది. నాకు సినిమా మొత్తంలో తెలివైన మాట అదే. తర్వాత డేవిడ్ దాన్ని ఆమె మెడలోంచి తీసేస్తాడు. చివర్లో తల తెగి పడి ఉన్న డేవిడ్ దగ్గరికి ఆమె వచ్చి అడిగేది శిలువ ఎక్కడుందని. ఓడ సంగతి ఆ తర్వాతే.

ఇంజనీర్ల కోపానికి కారణం ఒకటి అనుకున్నామని దర్శకుడు రిడ్లీ స్కాట్ అప్పట్లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు: వాళ్లు పంపిన దూతను మనం శిలువ వేశామని. మరీ బాహాటంగా ఉంటుందని వదిలేశారట. రెండు వేల ఏళ్ల లెక్క మాత్రం సినిమాలో ఉండిపోయింది. 2093 డిసెంబరులో అక్కడ దిగడం, ఓడలో క్రిస్మస్ చెట్టు పెట్టడం కూడా. ఈ సంగతి మా పాస్టరుగారికి చెబితే ఆయన నవ్వి, ‘శిలువ మీద ఉండి వీళ్లను క్షమించమన్నవాడి పేరు చెప్పి ఊరు తగలబెట్టడమా!’ అన్నారు. నాకూ అదే అతుకు తెగినట్టు తోచింది.

కొండదారి (కోరాపుట్)

తమ్ముడూ, రెండు వేల ఏళ్ల లెక్క ఉండిపోయింది అన్నావు చూడు, నేను చెప్పిన అనాథ వరుస అచ్చంగా అదే! కారణం తీసేశారు, అంకె మిగిలింది.

సిస్టర్ గారి పెట్టె మాత్రం నా లెక్కలో పడలేదు. అది పొరపాటున మిగిలింది కాదు, కావాలని పెట్టినదే. అక్కడ నేను ఓడిపోయాను.

చిలకగట్టు (ఛత్రపురం)

జవాబు నా దగ్గర లేదు. 2015 నవకళేబరం అప్పుడు పూరీలో ఉన్నాను, ఆ ముక్క చెప్పి వెళ్తాను. వేపచెట్టు దారువుతో జగన్నాథుడి గుడికి కొత్త విగ్రహాలు చెక్కుతారు. పాత విగ్రహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తదానిలోకి మార్చే రాత్రి ఊళ్లో దీపాలు ఆర్పేస్తారు. మార్చేవారు కళ్లకు గంతలు కట్టుకుని, చేతులకు గుడ్డ చుట్టుకుంటారు. ఏమి పట్టుకున్నారో వాళ్లకే తెలియదు. పాత విగ్రహాలను కోయిలీ వైకుంఠంలో పూడ్చి, ఆ గుడి సేవకులైన దైతాపతులు ఇంట్లో మనిషి పోయినట్టు మైల పడతారు. ఆ దేవుణ్ణి మొదట పూజించాడని చెప్పే సవర విశ్వావసు సంతతి అని చెప్పుకుంటారు వాళ్లు. మారీచికొండ గారికి తెలిసే ఉంటుంది.

ఈ సినిమాలో ప్రతివాడికీ చేసినవాడి ముఖం చూడాలని తహతహ. అక్కడ చేతిలో ఉన్నదాన్ని కూడా చూడరు.

మగ్గంగుంట (బరంపురం)

నేను అడిగింది ఒకటి, మీరు ఇచ్చినవి అయిదారు. సంతోషం. కొండదారి గారూ, 2017లో వచ్చిన తర్వాతి భాగం కూడా చూశాం. డేవిడ్ వెళ్లి ఆ ఇంజనీర్లందరినీ వాళ్ల విషంతోనే చంపేస్తాడు. నా ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాళ్లే లేకుండా పోయారు. మీ మాటే నెగ్గింది అనుకోండి.

కానీ ఒక చోట మా అబ్బాయి సినిమా ఆపాడు. మమ్మల్ని ఎందుకు చేశారని డేవిడ్ అడిగితే, చేయగలం కనుక చేశామని హోలోవే తాగిన మైకంలో అంటాడు. మీ సృష్టికర్త మీకు అదే జవాబు చెబితే ఎలా ఉంటుందో ఊహించుకోండి అంటాడు డేవిడ్. మావాడు రిమోట్ పట్టుకుని, “నాన్నా, తాత ఎందుకు నేసేవారు?” అన్నాడు.

మాది పట్టు నేసే ఇల్లు, తాతల నాడు ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లం. బరంపురం పట్టుచీర అంచులో గోపురాల వరుస ఉంటుంది, కుంభం అంటాం. అది నేయడం పెద్ద తంటా. చిన్నప్పుడు నాన్నను అడిగాను, ఆ కుంభాలు మానేస్తే పని తొందరగా తెమలదా అని. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి నాడె ఆపకుండా, “చెయ్యి ఊరుకోదురా” అన్నారు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇంట్లో డబ్బుకు కటకటగా ఉంది మరి. ఆయన నేసిన చీర మా ఇంట్లో ఎవరూ కట్టలేదు, మాస్టారి కథలో గొర్రెలాగే. కాకపోతే ఎవరి పెళ్లికో అమ్మితే, పిలవకపోయినా ఆ పెళ్లికి వెళ్లి, వెనక వరుసలో నిలబడి పెళ్లికూతురి చీర అంచు చూసి వచ్చేవారు.

హోలోవే మాట, నాన్న మాట దాదాపు ఒకటే. నేను మావాడికి ఏం చెప్పానంటే, ముందు సినిమా నడిపించరా అన్నాను.

తెల్లచీర (రాయగడ)

వెనక వరుసలో నిలబడటం చాలా బాగుంది, అన్నగారూ.

మారీచికొండ (గుణుపురం)

ఈ రోజు ఆరో తరగతికి మాస్టారి గొర్రె కథ చెప్పాను, సవరలో. ఒక పాప లేచి, గొర్రె మైదానంలోకి పారిపోయింది సరే, గుర్రాలు ఎందుకు పారిపోలేదు అని అడిగింది. మాస్టారూ, ఏం చెప్పమంటారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ష్లైకర్ రాయలేదు బాబూ. ఆ పాపనే రాయమను.

కొండదారి (కోరాపుట్)

రాశాక ఇంకొకరి చేత మార్పించవద్దు.