జర్మనీలో నర్స్ ఆఫర్ వచ్చింది, ఆ జీవితం నాకు పడుతుందో లేదో ముందే తెలుసుకోవడం ఎలా?

పాకాల_నర్స్:

అందరికీ నమస్తే. మాది పాకాల పక్కన పల్లె. వయసు 28. బీఎస్సీ నర్సింగ్ చేసి తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఐదేళ్ళుగా పనిచేస్తున్నా, జీతం 24 వేలు. ఏడాదిన్నరగా డ్యూటీ దిగాక జర్మన్ నేర్చుకుంటున్నా. బీ1 స్థాయి పరీక్ష పాసయ్యాను, దాని పై స్థాయి బీ2 వచ్చే నెల చెన్నైలో రాయాలి. లైప్‌జిగ్ దగ్గర ఒక చిన్న ఊరి ఆసుపత్రి వాళ్ళు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసి ఆఫర్ పంపారు.

కాగితాల గురించి అడగడం లేదు, అవి ఎలాగో కనుక్కుంటా. నా టెన్షన్ వేరు. నాలుగేళ్ళ కిందట ఆరు నెలల ట్రైనింగ్‌కి చెన్నై వెళ్ళినప్పుడు ప్రతి శనివారం బస్సెక్కి ఇంటికి వచ్చేసేదాన్ని, మధ్యలో రాలేని వారం వస్తే అన్నం సహించేది కాదు. ఇప్పుడు వెళ్తే శనివారం బస్సు ఉండదు కదా. నాన్నకి రెండెకరాల మామిడి తోట, అంతా బెంగళూరు కాయే (తోతాపురి). 2025లో ధర ఎంత పడిపోయిందో ఈ జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు, ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు కలిపి ఇస్తే తప్ప గిట్టని పరిస్థితి. అప్పు ఉంది. తమ్ముడు బెంగళూరులో చదువుతున్నాడు. డబ్బు కోసమే వెళ్ళాలనుకుంటున్నా, అందులో దాచేదేం లేదు. కానీ వెళ్ళాక తట్టుకోలేక ఆరు నెలలకే తిరిగొస్తే అటు ఉద్యోగం, ఇటు ఉద్యోగం రెండూ పోతాయి. వెళ్ళినవాళ్ళు, వెళ్ళి వచ్చేసినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కాళహస్తి_అక్క:

చెల్లీ, నేను శ్రీకాళహస్తి నుంచి ఇక్కడికి, జర్మనీకి వచ్చి నాలుగేళ్ళయింది. నాదీ నర్సు పనే. చలి, తిండి గురించి అందరూ చెబుతారు, వాటికి రెండు నెలల్లో అలవాటు పడతావు. నేను వేరే సంగతి చెబుతా, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు.

తిరుపతిలో నేను కూడా ఐసీయూలోనే చేశాను. వెంటిలేటర్, లైన్లు, ఇంజెక్షన్లు అన్నీ చేతి మీదే నడిచేవి. ఇక్కడికి వచ్చిన మొదటి వారం నాకు ఇచ్చిన పని ఎనభై ఏళ్ళ తాతకి ఒళ్ళు తుడవడం, గడ్డం గీయడం, డైపర్ మార్చడం, చెంచాతో తినిపించడం. మన తిరుపతి రుయా ఆసుపత్రిలో చూడు, స్విమ్స్‌లో చూడు, ప్రతి మంచం పక్కన ఇంటివాళ్ళు ఒకరు చాప వేసుకుని ఉంటారు, ఆ పనులన్నీ వాళ్ళో ఆయాలో చూసుకుంటారు. ఇక్కడ ఇంటివాళ్ళు పూలు పట్టుకుని వచ్చి గంట కూర్చుని వెళ్ళిపోతారు. మిగతా అంతా నర్సుదే. పైగా చాలా ఆసుపత్రుల్లో కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది) పెట్టడం డాక్టర్ల పని. ఐదేళ్ళ అనుభవం పెట్టుకుని నేనేంటి ఇది చేయడం అని మొదటి నెలంతా కుమిలిపోయాను. తర్వాత తెలిసింది, వాళ్ళ చదువులోనే అది నర్సింగ్‌లో అసలు భాగం, ఒళ్ళు తుడిచేటప్పుడే చర్మం, ఊపిరి, మనసు అన్నీ గమనిస్తారు. ఇప్పుడు నాకు ఆ పని మీద గౌరవం ఉంది. కానీ ఆ మార్పు రావడానికి టైమ్ పట్టింది. కొంతమందికి రాలేదు కూడా, నాతో వచ్చిన ఒక అమ్మాయి దాని కోసమే గల్ఫ్ ఆసుపత్రికి మారిపోయింది.

ఇంకోటి. మన డిగ్రీకి గుర్తింపు పూర్తయ్యే దాకా నిన్ను హెల్పర్‌గా పెడతారు, జీతం తక్కువ. ఆ గుర్తింపు కోసం ఒక పరీక్ష రాయాలి, లేదంటే కొన్ని నెలల శిక్షణ పూర్తి చేయాలి. ఆఫర్ లెటర్‌లో పెద్దగా కనిపించే అంకె గుర్తింపు వచ్చాక ఇచ్చేదేమో చూసుకో. పెళ్ళి కానివాళ్ళకి పన్ను, ఇన్సూరెన్స్, పెన్షన్ పోను దాదాపు మూడింట రెండు వంతులు చేతికి వస్తాయి. అందులో అద్దె పోవాలి. నాన్న అప్పు లెక్క దాన్నిబట్టి వేసుకో, ఆఫర్‌లో ఉన్న అంకెని 12తో గుణించి ఇంట్లో చెప్పేయకు. నేను ఆ తప్పు చేశాను. మొదటి ఏడాది ఇంటికి పంపలేక ప్రతి నెలా ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది.

మాట విషయం. బీ2 పాసైనా వార్డులో ముసలివాళ్ళు మాట్లాడే యాస అర్థం కాదు, ఫోన్లో డాక్టర్ గబగబా చెబితే అసలు అర్థం కాదు. అన్నీ తెలిసిన మనిషివి ఒక్కసారిగా నాలుగేళ్ళ పిల్లలా మాట్లాడాల్సి వస్తుంది. మళ్ళీ చెప్పండి అని రోజుకి ఇరవై సార్లు అడగాలి, సిగ్గుపడి తలూపితే పేషెంటుకి ప్రమాదం. తప్పు చేస్తే మొహం మీదే చెప్తారు, సర్దిచెప్పడం ఉండదు. ఒకసారి సీనియర్ అలా అంటే బట్టలు మార్చుకునే గదిలో ఏడ్చాను. అరగంట తర్వాత ఆవిడే తన పుట్టినరోజని కేక్ తెచ్చి నాకు ముక్క కోసి ఇచ్చింది. ఇక్కడ పుట్టినరోజు ఎవరిదో వాళ్ళే అందరికీ కేక్ తెస్తారు. ఆవిడ మనసులో ఏమీ పెట్టుకోలేదని నాకు అప్పుడు అర్థమైంది. తోటివాళ్ళని డూ అంటారు, పేషెంట్లని జీ అంటారు. నువ్వు, మీరు తేడా పుట్టుకతో తెలిసిన మనకి అదొక్కటే సులువు.

నిన్ను నువ్వు ముందే పరీక్షించుకోవాలంటే, ఇప్పుడున్న ఆసుపత్రిలోనే ఒక నెల పాటు రోజూ ఇద్దరు పేషెంట్లకి ఆయాని పిలవకుండా నువ్వే ఒళ్ళు తుడిచి, తినిపించి చూడు. ఎలా అనిపించిందో రాసుకో. అలాగే ఒక నెల ఊరికి వెళ్ళకు, ఇంటికి వారానికి రెండు ఫోన్లే. చెన్నైలో నీకు బస్సు ఉంది కాబట్టి ఎక్కావు, అది లేకపోతే నువ్వేం చేస్తావో నీకే ఇంకా తెలియదు.

అలిపిరి_రిటర్న్:

నేను తిరిగొచ్చేసిన వాడిని. సాఫ్ట్‌వేర్, మ్యూనిక్‌లో రెండేళ్ళు. కాళహస్తి అక్క పని గురించి చెప్పింది, నేను పని లేని టైమ్ గురించి చెబుతా.

అక్కడ ఆదివారం షాపులు మూసేస్తారు. డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. డ్యూటీ నుంచి వచ్చి తాళం తీసి లోపలికి వెళ్తే పొద్దున దాకా ఎవరూ పలకరించరు, పక్కింటాయన మంచివాడే, లిఫ్ట్‌లో నమస్కారం పెడతాడు, అంతవరకే. స్నేహితుడితో కాఫీ తాగాలంటే రెండు వారాల ముందు తారీఖు అనుకోవాలి. తిరుపతిలో నా ఫ్రెండ్ కింద నిలబడి హారన్ కొడితే నేను చొక్కా వేసుకుని దిగిపోతాను, లీలామహల్ సర్కిల్ దాకా వెళ్ళి టీ తాగి వస్తాం, దానికి కారణం ఏమీ ఉండదు. నాకు బతకడానికి ఆ కారణం లేని మనుషులు కావాలని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. నాతో ఉన్న గుంటూరు అతనికి అదే నిశ్శబ్దం హాయి. చుట్టాలు అడిగే ప్రశ్నలు లేవు, పుస్తకం, సైకిల్, అడవి, చాలు. ఇద్దరం ఒకే వంటింట్లో వండుకున్నాం, అతను ఇప్పటికీ అక్కడే సంతోషంగా ఉన్నాడు. కాబట్టి దేశం ఎలాంటిది అని ఎవరినీ అడగకండి మేడమ్, ఎవరూ లేని సాయంత్రం మీకు ఎలా గడుస్తుందో చూసుకోండి.

నాన్నకి గుండెపోటు వచ్చిన రోజు ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి నేను తిరుపతి చేరేసరికి 26 గంటలు పట్టింది. అప్పటికే అన్న, వదిన స్టెంట్ వేయించేశారు. మీ ఇంట్లో ఆ 26 గంటలు ఎవరు చూసుకుంటారు? తమ్ముడితో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి, బెంగళూరు నుంచి తను ఐదారు గంటల్లో రాగలడు.

తిరిగొచ్చాక ఉద్యోగానికి నాలుగు నెలలు పట్టింది. ఊళ్ళో రెండు నెలలు మాటలన్నారు, తర్వాత మరిచిపోయారు. రావాల్సి వస్తే ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు మాత్రం విడిగా పెట్టుకోండి.

పీలేరు_కొడుకు:

నేను ఎక్కడికీ వెళ్ళలేదు. మా అమ్మ వెళ్ళింది. నాకు ఆరేళ్ళప్పుడు కువైట్‌కి, ఇంటి పనికి. పదకొండేళ్ళలో అమ్మని నాలుగు సార్లు చూశాను. మా పీలేరు, రాయచోటి వైపు ఇలాంటి ఇళ్ళు వీధికి రెండు ఉంటాయి. పాస్‌పోర్ట్ ఆ ఇంటి యజమాని దగ్గర, సెలవు అనే మాట లేదు. ఇంటి పనివాళ్ళకి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని కువైట్ 2015లో చట్టం తెచ్చింది, అమ్మ అంతకు ముందే వచ్చేసింది. ఇల్లు కట్టింది, అక్క పెళ్ళి చేసింది, నన్ను డిగ్రీ చదివించింది.

అక్కా, నాకు పడుతుందా లేదా అని మీరు అడుగుతున్నారు. మా అమ్మకి ఆ ప్రశ్న వేసుకునే వీలు కూడా లేదు. మీకుంది, అందుకని ఆఫర్ కాగితంలో ప్రతి లైనూ చదివించుకోండి. ఎన్నేళ్ళ బాండు, మధ్యలో మానేస్తే ఎంత కట్టమంటారు, భాష ఖర్చు ఎవరిది, గది ఎన్ని నెలలు ఇస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కన్సల్టెన్సీ వాడికీ ఇచ్చి రావద్దు. ఫోన్ గురించి కూడా ఒక మాట. అమ్మ ఎప్పుడు చేస్తుందో తెలియక నేను శుక్రవారమంతా ఆడుకోకుండా ఫోన్ దగ్గరే కూర్చునేవాడిని. మీ అమ్మకి ఒక టైమ్ చెప్పి ఆ టైమ్‌కే చేయండి.

పాకాల_నర్స్:

మూడు వారాలుగా రాయలేదు, మన్నించండి. అక్క చెప్పినట్టు రోజూ ఇద్దరికి నేనే ఒళ్ళు తుడుస్తున్నా. మొదటి నాలుగు రోజులు మా ఆయా, మేడమ్ నా మీద కోపమా అని అడిగింది. ఒక పెద్దాయనకి వీపు తుడుస్తుంటే కింద పుండు మొదలవుతున్నట్టు నేనే ముందు చూశాను, లేకపోతే ఇంకో రెండు రోజులకి గానీ తెలిసేది కాదు. ఆ పని నాకు పడుతుంది. ఊరికి వెళ్ళకుండా ఉండటం మాత్రం కష్టంగా ఉంది, రెండో ఆదివారం సాయంత్రం బాగా ఏడ్చాను, మూడో ఆదివారం సంగటి చేసుకుని ఊరిబిండి నూరుకుని తిని పడుకున్నా.

బాండు గురించి మెయిల్ పెట్టాను. మూడేళ్ళు అని జవాబొచ్చింది, మధ్యలో మానేస్తే కట్టాల్సింది నెలనెలా తగ్గుతూ వస్తుందట. గుర్తింపు వచ్చే దాకా ఇచ్చే జీతం ఎంతో ఇంకా చెప్పలేదు. అది తెలిసే దాకా సంతకం పెట్టను. తమ్ముడితో మాట్లాడాను. నాన్న మాత్రం అప్పు గురించి నువ్వు ఆలోచించొద్దు అంటున్నారు, అది విన్నప్పుడే ఎక్కువ బాధేసింది.

అక్కా, మిక్సీ ఇక్కడి నుంచి తెచ్చుకోవచ్చా?

కాళహస్తి_అక్క:

తెచ్చుకో, కరెంటు మనలాగే 230 వోల్టులు. మన మూడు పిన్నుల ప్లగ్ ఇక్కడి సాకెట్లో పట్టదు, అడాప్టర్ కొనుక్కుని రా. రాత్రి 10 దాటాక మాత్రం వేయకు, పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొడతారు. ఆ జీతం అంకె రాగానే ఇక్కడ పెట్టు, చేతికి ఎంత వస్తుందో లెక్క నేను వేసిస్తా.