కాలువ గట్టు మీద కుక్కకు గొలుసు ఉండాలా, వద్దా?

గోదారిగట్టు:
క్రిస్మస్ సెలవులకి హైదరాబాద్ నుంచి తణుకు దగ్గర మా ఊరొచ్చాం. మా లాబ్రడార్ సింబాకి నాలుగేళ్లు, పల్లెటూరు చూడటం ఇదే మొదటిసారి. నిన్న పొద్దున ఆరున్నరకి, మంచు ఇంకా విడకముందే, వాడిని తీసుకుని కాలువ గట్టెక్కాను. మనుషులెవరూ లేరు కదా అని గొలుసు తీసేశాను. అపార్ట్‌మెంట్లో లిఫ్టు నుంచి గేటు దాకా తప్ప నడక తెలియని కుక్క అలా చెవులు వెనక్కి వాల్చి పరిగెడుతుంటే నాకే ప్రాణం లేచొచ్చింది.

అర కిలోమీటరు వెళ్లాక కింద చేలో బాతుల మంద కనిపించింది. సార్వా (ఖరీఫ్ వరి) కోతలయ్యాయి, దాళ్వాకి (రెండో పంటకి) దమ్ము ఇంకా మొదలవలేదు. రాలిన గింజల కోసం బాతుల వాళ్లు మందలు దించే రోజులని నాకు తెలుసు, అయినా తట్టలేదు. నేను పిలిచేలోపే వాడు గట్టు దిగిపోయాడు. ఒక్క బాతును కూడా కరవలేదు. కానీ మందంతా బెదిరి చేను మూలకి పరిగెత్తి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అడుగున పడినవి మూడు చచ్చిపోయాయి. కాపలా ఉన్నాయనకి డబ్బులిచ్చాను. తీసుకున్నాడు, ఏమీ అనలేదు. కాసేపు తిట్టినా బాగుండేది.

నాన్న "ఇక బయటికి తీయకు, పెరట్లో కట్టెయ్" అంటున్నారు. తమ్ముడేమో "పల్లెటూరొచ్చి కూడా గొలుసేనా అన్నయ్యా" అంటాడు. ఇంకో పది రోజులుంటాం. మీ ఊళ్లలో ఎలా చేస్తారో చెప్పండి.

పుంతరోడ్డు:
నేను మీ తమ్ముడి పక్షం అండి. మా ఇంట్లో మూడు తరాలుగా కుక్కలున్నాయి, ఒక్కదానికీ గొలుసు కట్టలేదు. నాన్న పొలం వెళ్తుంటే వెనకాలే వెళ్తుంది, బోదె (పొలం పిల్లకాలువ) దాటమంటే దాటుతుంది, కూర్చోమంటే గట్టు మీద కూర్చుంటుంది. గొలుసుతో పెరిగిన కుక్కకి గొలుసు తీసిన రోజే పిచ్చెక్కుతుంది. తప్పు వదలడంలో లేదు, నాలుగేళ్లూ వదలకపోవడంలో ఉంది.

ఇంకో మాట. మా ఊరి రైసుమిల్లు దగ్గర ఊరకుక్కలు ఐదారు ఉంటాయి. కొత్త కుక్క కనబడితే చుట్టుముడతాయి. గొలుసు మీ చేతిలో ఉంటే మీ కుక్క ఎటు పారిపోతుంది? పోయిన సంక్రాంతికి మా బావ గొలుసు గట్టిగా పట్టుకుని లాగుతుంటే వాళ్ల కుక్క కాలు కండ ఊడొచ్చింది, బావ చెయ్యి కూడా చీరుకుపోయింది. వదిలేసుంటే అది ఇంటికి పరిగెత్తేది.

బాతులగుడిసె:
మా నాన్న ఇరవై ఏళ్లు బాతులు మేపాడు. నేను కూడా పదో తరగతి దాకా సెలవులన్నీ మంద వెనకాలే తిరిగాను. అందుకే రాస్తున్నాను.

మూడు బాతులకి డబ్బులిచ్చానన్నారు. సంతోషం, చాలామంది అది కూడా ఇవ్వరు. కానీ నష్టం మూడు బాతులది కాదండి. మంద బెదిరితే గుడ్లు పడిపోతాయి. మాకు ఒకసారి అలాగే అయ్యింది, మళ్లీ మామూలుగా పెట్టడానికి వారం దాటింది. రాత్రి వల చుట్టూ కట్టి మందని లోపలికి తోలతాం, తెల్లారుజామున లాంతరు పట్టుకుని గుడ్లు ఏరుతాం. బురదలో తెల్లగా కనబడే ఆ గుడ్లే ఆ రోజు కూలి, ఆ రోజు బియ్యం. బెదిరిన మర్నాడు అమ్మ బుట్ట అడుగున పది గుడ్లు పెట్టుకుని వచ్చింది. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆయన ఏమీ అనలేదన్నారు. ఎలా అంటాడండి? చేను మీ ఊరి రైతుది, అక్కడ మేపుకోనివ్వడం రైతు దయ. ఊళ్లో వాళ్లబ్బాయితో గొడవ పడితే రేపు మంద ఎక్కడ దించుకోవాలి?

మీకు అది వాకింగ్ చేసే చోటు. మాకు అది పని చేసుకునే చోటు. గొలుసు వేయండి.

పశువుల_డాక్టర్:
ఇరవై రెండేళ్లుగా డెల్టాలోనే పనిచేస్తున్నాను. బాతుల సంగతి పై ఆయన చెప్పారు. నేను కుక్క వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే వదిలిన కుక్కలే ఎక్కువగా నా టేబుల్ మీదికి వస్తాయి.

నాట్లకి ముందు ఊరంతా కలిసి ఎలుకల మందు పెడతారు. మొదటి రోజు బొరియలన్నీ మట్టితో మూసేస్తారు. మర్నాడు తెరుచుకున్న బొరియల్లోనే ఎర పెడతారు. ఆ ఎరలో నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు. నూనె కలిపిన నూకలంటే లాబ్రడార్‌కి ఎంత ఇష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. మందు బ్రోమాడయోలోన్ అయితే ఆ రోజు కుక్క మామూలుగానే ఉంటుంది. కొన్ని రోజులకి చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం వచ్చినప్పుడు తీసుకొస్తారు. విటమిన్ కె ఇంజెక్షన్లు ఉన్నాయి, కానీ ముందే వస్తేనే పని చేస్తాయి. జింక్ ఫాస్ఫైడ్ అయితే అంత టైమ్ కూడా ఉండదు, దానికి విరుగుడు లేదు. చచ్చిన ఎలుకను తిన్నా ప్రమాదమే.

గట్ల మీద రక్తపింజరి పాము ఉంటుంది. గడ్డిలో మూతి పెట్టే కుక్కకి కాటు మూతి మీదో ముందు కాలి మీదో పడుతుంది. ఎలుకలు తిరిగే బోదెల్లో నీళ్లు తాగితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. కుక్కలకి వేసే నైన్ ఇన్ వన్ టీకాలో దానికి రక్షణ ఉంది, అది ఏటా వేయించాలి. రేబిస్ టీకా కూడా అంతే. జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తాం.

పుంతరోడ్డు గారూ, మీ బావగారి చేతికి తగిలింది కుక్క పన్నే అయితే, సబ్బు రాసి, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, టీకా మొదలుపెట్టారా? చర్మంలోకి వేసే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వేయించుకోవాలి. దయచేసి కనుక్కోండి.

పుంతరోడ్డు:
వేయించాడు డాక్టర్ గారూ, నాలుగూ పూర్తయ్యాయి. అడిగినందుకు థాంక్స్.

యార్క్‌షైర్_తెలుగు:
మేం ఇంగ్లండ్‌లో ఒక పల్లెలో ఉంటాం, రోజూ కుక్కతో గొర్రెల పొలాల్లోంచి నడుస్తాం. ఇక్కడ నడకదారులన్నీ కుక్కలకి తెరిచే ఉంటాయి, కానీ అందరికీ హద్దు తెలుసు. బీడు కొండల్లాంటి చోట్ల మార్చి 1 నుంచి జూలై 31 దాకా రెండు మీటర్లు మించని పట్టీ ఉండాలి, నేల మీద గుడ్లు పెట్టే పిట్టల కోసం. గొర్రెలూ ఆవులూ ఉంటే ఏడాది పొడుగునా పట్టీయే. గొర్రెల మీద పడిన కుక్కను ఆపడానికి వేరే దారి లేకపోతే రైతు కాల్చినా చట్టం ఆయన వైపే నిలబడే సందర్భాలున్నాయి.

కానీ పుంతరోడ్డు గారు చెప్పినదానికి దగ్గరగా ఒకటుంది. ఆవులు తరుముకొస్తే పట్టీ వదిలేయమనే ఇక్కడ ప్రభుత్వం చెబుతుంది. కుక్క తప్పించుకుంటుంది, మనమూ బతుకుతాం. పట్టీ వేయడం, అవసరమైనప్పుడు వదలడం, రెండూ తెలిసుండాలి.

పుంతరోడ్డు:
అక్కడ వీధికి ఐదు ఊరకుక్కలు లేవు కదండీ. అక్కడి రూలు ఇక్కడ సగమే సరిపోతుంది. బాతులగుడిసె గారి మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మంద దిగిన రోజుల్లో గొలుసు ఉండాల్సిందే, ఒప్పుకుంటున్నాను. మా కుక్కలు ఊరి బాతుల మధ్యే పుట్టాయి కాబట్టి పట్టించుకోవు, అది నేను మర్చిపోయాను. కానీ నాన్నగారు చెప్పినట్టు పది రోజులూ పెరట్లో కట్టేస్తే నేను ఒప్పుకోను. అంత బలమున్న కుక్క మొరిగి మొరిగి జబ్బు పడుతుంది.

మాఊరికోడలు:
మా అత్తగారు పాలకేనుతో వస్తుంటే ఎవరిదో పెంపుడు కుక్క ముద్దుగానే మీదికి ఎగిరింది. ఆవిడ పడి తుంటి ఎముక విరిగింది. "ఏం చేయదండీ, మంచిది" అన్నారు వాళ్లు. పెంపుడు జంతువు వల్ల మనుషులకి ప్రమాదం జరగొచ్చని తెలిసీ జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మేం కేసు పెట్టలేదు. ఆవిడ ఇప్పటికీ కర్రతోనే నడుస్తోంది.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. బాతులగుడిసె గారి పోస్టు చదివాక సాయంత్రం మళ్లీ చేలోకి వెళ్లాను, సింబాని తీసుకెళ్లలేదు. గుడ్ల సంగతి అడిగితే అప్పుడు చెప్పాడాయన, ఈ పొద్దున సగం కూడా రాలేదట. వారం రోజుల లెక్క కట్టించుకుని ఇచ్చాను. మొదట వద్దన్నాడు. మంద ఏ రోజు ఏ చేలో ఉంటుందో ఫోన్ చేసి చెప్తానన్నాడు.

గొలుసు బదులు ముప్పై అడుగుల నూలు తాడు కొన్నాను. కాలువ గట్టు వైపు వెళ్లడం మానేసి, కోత అయిన మా చేలోనే, మధ్యలో, మనిషి కనబడని చోట పరిగెత్తిస్తున్నాను. ఎలుకల మందు ఎప్పుడు పెడతారో రైతు సేవా కేంద్రంలో అడిగి వస్తానన్నాడు తమ్ముడు. పుంతరోడ్డు గారి రైసుమిల్లు దగ్గరలాగే మా ఊళ్లో ఊరకుక్కలుండే చోటు చెరువు గట్టు మలుపు. అక్కడ తాడు వదలాలా, పట్టుకోవాలా అనేది నాకు ఇంకా తేలలేదు. డాక్టర్ గారూ, మీరైతే ఏం చేస్తారు?