వ్యోమనౌకల పరీక్షల్లో సంఖ్యల ప్రమాణాలను ఎలా సరిచూస్తారు?

నమస్కారం. హైదరాబాదులోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. సంఖ్యను రాసే పద్ధతికీ వ్యోమనౌక భద్రతకూ ఉన్న సంబంధంపై పదో తరగతి వారికి పాఠం సిద్ధం చేస్తున్నాను; తెలిసినవారి సాయం కావాలి.

ప్రాచీన బాబిలోనియాలో అరవై ఆధారంగా లెక్కించేవారు. సంఖ్య చివర సున్నా రాసే ఆచారం లేనందున ఒకే గుర్తు ఒకటినైనా, అరవైనైనా, అరవయ్యో వంతునైనా సూచించవచ్చు. ఏది ఉద్దేశించారో సందర్భాన్ని బట్టి చదివేవారే గ్రహించాలి. యంత్రానికి ఆ సందర్భజ్ఞానం ఉండదు. 1999లో నాసా తన అంగారక వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను కోల్పోవడానికి కారణం ఈ కోవలోదే: భూమిపై ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ప్రచోదనాన్ని (బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చే విలువ) పౌండు-సెకన్లలో ఇవ్వగా, మరొకటి దానిని న్యూటన్-సెకన్లుగా స్వీకరించింది; తేడా సుమారు 4.45 రెట్లు. 1996లో ఐరోపా రాకెట్ అరియాన్ 5 తొలి ప్రయోగంలో 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో ఇమడక మార్గనిర్దేశక వ్యవస్థ ఆగిపోయింది. అంతకు ముందటి రాకెట్ అరియాన్ 4లో సవ్యంగా పనిచేసిన ఆ కోడ్‌ను కొత్త రాకెట్ ప్రయాణపథంతో పరీక్షించకపోవడమే నన్ను ఎక్కువగా కలచివేస్తుంది.

మన పాత తెలుగు లెక్కల్లో భిన్నాలను నాలుగో వంతులుగా, మళ్లీ వాటిలో నాలుగో వంతులుగా విభజిస్తూ పోయేవారు కనుక అవి కంప్యూటర్ వాడే బైనరీలో (రెండు ఆధారంగా రాసే పద్ధతిలో) ఖచ్చితంగా ఇముడుతాయి, 0.1 మాత్రం ఇమడదు.

ప్రయోగానికి ముందు ఆన్‌బోర్డ్ కంప్యూటర్‌కు కృత్రిమ సెన్సార్ సంకేతాలు పంపి చేసే పరీక్షల్లో, ఒక విలువ ఏ ప్రమాణంలో ఉందో, పరిధి దాటితే ఏమవుతుందో విడిగా ఎలా సరిచూస్తారు? విద్యార్థులు కాగితంపై చేయగల చిన్న ఉదాహరణ ఏదైనా సూచించగలరా? ఆ భిన్నాల గుర్తులున్న పాత కరణాల లెక్కల పుట ఎవరి వద్దనైనా ఉంటే, దాని ఫొటో పంచుకోవలసిందిగా ప్రార్థన.